వస్తానని చెప్పి

తెల్లవారుజాము నాలుగూ నలభై. బ్రాడ్‌ఫోర్డ్‌లో
వాన కురవడం మానేసి కారడం మొదలెట్టిన వేళ.
నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం
తాళం మాట చెప్పమంటోంది.

చెప్పాను.
చుక్క పడదు, గీత పడదు,
గోడతో చెప్పుకున్నట్టు.

కాదంది.

మళ్ళీ చెప్పాను, ఒక్కో వేలూ ఒత్తి,
ఒక్కో అక్షరాన్నీ పెదాలతో పలికి.
కాదంది.
మూడోసారికి మూతి ముడుచుకుని
మొత్తం మొదటికొచ్చింది.

రాత్రి లినక్స్ ఏవో సర్దుకుంటానంటే
సరే నొక్కి పడుకున్నాను. నా తప్పు అంతే.
పదింటికి లీడ్స్ కోర్టులో దుబాసీ పని.
జామీనుకీ పూచీకత్తుకీ తేడా ఏం రాసుకున్నానో,
ఒట్టు అన్న మాటని ఎన్ని రకాలుగా తిప్పానో,
ఆరేళ్ళ పట్టిక అంతా
ఆ తలుపు లోపలే ఉంది.

తాళం మాట తడికతో మొదలవుతుంది.
తడికకి తాళమేమిటే అని నవ్వేది మా మేనత్త,
ఆ నవ్వు పోకుండా పెట్టుకున్నాను.
చివర్న ఒక @, ఒక #.
మధ్యలోది మీకు చెప్పను.

కింది వాటా డొరోటా బేకరీకి బయల్దేరుతూ
నా పచార్ల చప్పుడుకి పైకొచ్చింది,
కోటు ఒక చేతికే తొడుక్కుని.
వంగి చూసి అంది:
"ఇది ఇంకా పూర్తిగా లేవలేదు, మాండా.
సగం నిద్రలో ఉంది.
నిద్రలో ఇది అమెరికాలో ఉంది."

పరుగున వెళ్ళి తన ల్యాప్‌టాప్ తెచ్చింది.
పోలండ్‌లో కొన్నదట, అక్కడి మీటలన్నీ
అమెరికా వరసలోనే ఉంటాయట.
నా దాని పక్కన ఆనించి పెట్టి,
"చూడ్డం నా దాంట్లో చూడు,
నొక్కడం నీ దాంట్లో నొక్కు."

ఆమె రెండు మీద @. నా రెండు మీద కొటేషను గుర్తు.
ఆమె మూడు మీద #. నా మూడు మీద పౌండు.
ఇన్నాళ్ళూ ఎంటర్ పక్కన వెతుక్కున్నవి
పైవరసలో, వేరే పేర్లతో కూర్చున్నాయి.

పౌండు మీద వేలు పెట్టి ఆగిపోయాను.

గురువారం సాక్షి అన్నాడు:
"వస్తానండీ అని చెప్పి వెళ్ళిందండీ."
నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశాను,
తిరిగి వస్తానని చెప్పింది, అని.
"ఎంతసేపు ఎదురుచూశారు?" అన్నాడు ప్లీడరు.
"ఎదురుచూడ్డమెందుకండీ?"
"వస్తానంది కదా. వచ్చిందా, రాలేదా?"
ఆ మనిషి నా మొహంలోకి చూశాడు.
మెడ మీద చెమట.
మేజిస్ట్రేటు ఏదో రాసుకుంది.

గడప దగ్గర వెళ్తానని అనకూడదు మనకి.
వస్తాననే పోతాం.
మీట మీద రాసింది రావడం, పడేది పోవడం.
ఇది నాకు తట్టింది కోర్టులో కాదు,
ఇంటికొచ్చే రైల్లో, అద్దం మీద ఆవిరి తుడుస్తూ.
తట్టాక కూడా ఎవరికీ చెప్పలేదు.
నాలుగు రోజులైంది.

"నొక్కవేం?" అంది డొరోటా. "నా రొట్టెలు మాడతాయి."

నొక్కాను.
కొంచెంసేపు ఏమీ లేదు.
తర్వాత గలగలా వరసలు వరసలు
పైకి పాకుతూ పోయాయి,
లోపలెవరో గడియ తీసినట్టు.
డొరోటా రెండో చెయ్యి కోట్లో దూర్చుకుంటూ
మెట్లు దిగిపోయింది, ఏ మాటా చెప్పకుండానే.

పట్టిక తెరవలేదు.
ముందు కోర్టు వాళ్ళకి ఉత్తరం రాశాను:
గురువారం నా తర్జుమాలో ఒక క్రియ తప్పింది,
సాక్షి అబద్ధమాడలేదు, తప్పు నాది.
మూడుసార్లు చదివి పంపించేశాను.
ఇక పిలుస్తారో పిలవరో.

ఏడూ పదికి రైలు.
ఈ మీటల వరస సరిచేసే పని
సాయంత్రం వచ్చి చూస్తాను.

చూస్తానంటే ఏమిటో
మీకైతే నేను తర్జుమా చేయక్కర్లేదు.