పరిధిలో లేరు

తుపాను దాటిన నాలుగో రోజు
విడవలూరు దోవ ఇంకా మోకాలి లోతు నీళ్లలోనే ఉంది.
బండి కాలవ కట్ట మీద వదిలి,
చెప్పులు చేత్తో పట్టుకుని, ట్యాబు చొక్కా లోపల దాచుకుని
కొత్తదిబ్బపాలెం నడిచి వచ్చాను.

సచివాలయంలో సర్వేయరుని నేను.
నూట పదహారు ఇళ్లు
సాయంత్రం ఐదు లోపల అప్‌లోడ్ చెయ్యాలి.
ఐదు, ఐదు అని తహసీల్దారు గారు ఫోన్లో అంటున్నప్పుడు
ఆయన వెనక ఇంకెవరో ఆయనకి ఐదు అంటున్నారు.

మొదటి ఇంటికి కప్పు లేదు. రాశాను.
రెండో ఇంటాయన వాయల పోలయ్య
ఇంటి గురించి అడిగితే వల గురించి చెబుతాడు.
‘ఇల్లు ఆకుతో కట్టుకుంటాం సార్, వల డెబ్బై వేలు.’
వలకి వేరే ఫారం, వేరే శాఖ, వాళ్లు రేపొస్తారు అన్నాను.
రేపు అనే మాటని
ఆయన నాకంటే ముందు నుంచీ ఎరుగు.

తుపాను షెల్టరుకి సున్నం కొడుతున్నారు,
పెద్దాఫీసరు వస్తాడని.
లోపల జనం ఉండగానే.
పసిబిడ్డ జుట్టు మీద తెల్ల చుక్కలు.

పామంజి దొరసానమ్మ ఎండుచేపలమ్ముతుంది.
వేటోళ్లకి యాభై కేజీల బియ్యం, తక్కినోళ్లకి ఇరవై ఐదు.
మొగుడు నీళ్లల్లోంచి రానప్పటి నుంచీ
ఆమె తక్కినోళ్లలో.
ఇల్లెక్కడమ్మా అన్నాను.
చెయ్యి చాపింది.
ఆ చెయ్యి కొసన సముద్రం.

ఇల్లున్న చోట నిలబడమంటుంది ట్యాబు.
నిలబడితేనే ఫోటో, ఫోటో ఉంటేనే పేరు.
ఒడ్డున నిలబడి నొక్కాను:
మీరు పరిధిలో లేరు.
ఇంకో నాలుగడుగులు. ప్యాంటు తడిసింది.
మీరు పరిధిలో లేరు.

‘ఏమంటుండాది నాయనా ఆ పలక?’
‘ఇంకా లోపలికి రమ్మంటుందమ్మా.’
‘దానికేం, రా’ అని
కొంగు బిగించి, నా మణికట్టు పట్టుకుంది
బడికి రానని మొరాయించే పిల్లోడిని పట్టుకున్నట్టు.

‘ఇది వాకిలి. తల వంచు, గుమ్మం పొట్టి.’
నేను నిజంగా తల వంచాను.
‘ఇదీ పొయ్యి. చూసి నడువు, పక్కన రోలుండాల.’
నడుము లోతులో నా బొటనవేలికి రాయి తగిలింది.
అబ్బా అన్నాను. ఆమె నవ్వింది.
‘చూసినావా, అది యాడికీ పోలా.
మా అత్త కావలి నుంచి ఎద్దుల బండిలో తెచ్చిందది.’

ఒక అల మా ఇద్దరినీ ఎత్తి, దించి పోయింది.
ట్యాబు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను.
అప్పుడు వచ్చింది ఆకుపచ్చ గీత.
ఫోటో తీశాను:
నీళ్లు, నీళ్లలో సగం మనిషి, వెనక మళ్లీ నీళ్లు.
కింద రెండే గళ్లు. పాక్షికం. పూర్తి.
దెబ్బ తగలాలన్నా ఏదో ఒకటి ఉండాలి గదా.
పూర్తి అని నొక్కాను.

రాత్రి పదిన్నరకి ఫోను.
‘ఎనభై నాలుగో నంబరు వెనక్కొచ్చిందయ్యా.
ఫోటోలో ఇల్లు కనపడటం లేదంట.’
తహసీల్దారు గొంతులో కోపం లేదు, నిద్ర కూడా లేదు.
‘మళ్లీ తియ్యి’ అన్నాడు. కాసేపు ఊరుకుని,
‘పాటు చూసుకుని దిగు. నీకు ఈత వచ్చునా?’

పొద్దున పాటుకి నేను పోయేసరికి
పోలయ్య, ఇంకో ముగ్గురు, మిగిలిన వల తాడు వేసి
రోలుని ఇసకలోకి ఈడ్చేశారు.
ట్యాంకరు కాడ గంట నిలబడి పట్టుకున్న బిందెలోంచి
చెంబుడు మంచినీళ్లు తీసి
దొరసానమ్మ దాని గుంటలో ఉప్పు కడుగుతా ఉంది.

‘ఇల్లు’ అన్న గడిలో
ఆ ఫోటో పెట్టి పంపాను.
ఇంకా ఏమీ చెప్పలేదు వాళ్లు.
గుంటలో నీళ్లు పారబోసి
ఇంకో చెంబు ముంచుతుంది ఆమె.