పచ్చికుండ

బల్కంపేట రోడ్డు మీద, మెట్రో పిల్లరు కింద
ఆషాఢమంత నా దుకాణం.
గోనెసంచులు పరిచి కుండలు పేరుస్త,
పైన నీలం కవరు కడ్త.
వచ్చినోళ్లందరు ముందుగాల
వేలు మడిచి కొట్టి చూస్తరు.
టంగుమంటే తీస్కపోతరు,
బొద్దుగ మోగితే పక్కకు నూకుతరు.
పెండ్లిచూపులకొచ్చి మా అత్త నన్ను గూడ
నడువుమన్నది, పాడుమన్నది,
నోరు తెరువుమని పండ్లు చూసింది.
గట్టిగనే మోగిన.
తీస్కపోయిన్రు.

గుడి దిక్కుకెల్లి మైకుల ఒగ్గు కథ.
పదహారేండ్ల సంది ఇంటున్న,
కుండలు తుడుసుకుంట గూడ అప్పజెప్పగల్త.
ఆమె పొద్దుగాల్లనే ఏటికి పోతది,
ఇసుకతోని కుండ జేస్తది,
పామును చుట్టకుదురు జేస్కొని నీళ్లు తెస్తది.
ఒక్కనాడు నీళ్లల్ల ఎవనిదో నీడ.
చూసింది.
ఇసుక ఇసుకయింది.

కుమ్మరిదాన్ని, నాకు గీ ఒక్కటి తెలుసు.
ఇసుక పాలెక్కువైతే ఏ కుండా నిలవది.
మట్టి తొక్కాలె, సారె మీదికెక్కియ్యాలె,
సలపతోని సదరాలె, ఆవంల కాల్చాలె.
అయినా పదిట్ల రెండు పగుల్తయి.
మా మామ వానను తిట్టేటోడు,
తడిసిన కట్టెలను తిట్టేటోడు,
నా కండ్లను మాత్రం ఎన్నడు తిట్టలే.
ఆ పని ఆయన కొడుకు జేసిండు,
పది నంబరు బస్సుల ఎవలో నవ్వితే
నేను ఎనుకకు తిరిగి చూసిన్నని.

తండ్రి నరుకుమన్నడు.
పెద్దకొడుకులు తలలు దించుకున్నరు,
చిన్నోడు గొడ్డలి పట్టిండు.
ఈడికొచ్చేసరికి డోలు దరువు పెరుగుతది,
జనం ఊగుతరు.
తల్లి ఉరికింది. ఊరవతల గుడిసెల
ఒకామె అడ్డమొచ్చి కావలిచ్చుకున్నది.
ఒక్క ఏటుకు రెండు తలలు.

తిరగేసిన గురిగి మీద నోటుబుక్కు వెట్టుకొని
లెక్కలు జేస్తున్న మా ఉషశ్రీ, ఏడో తరగతి,
పెన్ను ఆపి అడిగింది.
"అమ్మా, ఆ రెండో ఆమె ఎవర్ని చూసింది?"
ఎవర్ని చూడలే బిడ్డా. పట్టుకున్నది, అంతే.
"మరి ఆమెకు బోనం ఎవరెత్తుతరు?"
నేను చిల్లర లెక్కవెడుతున్నట్టు జేసిన.

గప్పుడే వచ్చిన్రు అన్నాచెల్లెలు.
వాని నొసటి నిండ బండారి. పిల్లకు ముక్కుపుల్ల.
కుండ తీసి వేలు మడిచిండో లేదో
వాని జేబుల ఫోను మోగింది.
పిల్లది, గులాబీ కవరు.
తీసి చూసిండు. "ఎవడు వీడు?"
"క్లాసోడన్నా, రికార్డు కోసం..."
"నాన్నకు జెప్పాల్నా?"
పందొమ్మిదేండ్లుంటయేమో. చెడ్డోని లెక్క లేడు.
తండ్రి మాట ఇనే పిల్లగాడు.
నాకదే భయమయింది.

ఎట్ల లేచిన్నో తెల్వది,
ఇద్దరి నడుమ నిలబడ్డ.
"ఫోను పిల్లకియ్యి. తర్వాతనే కుండ."
"నీకెందుకమ్మా?"
మెడ మీద చల్లగ ఏదో పాకినట్టయింది.
చూస్తే వాన, కవరు చిరుగులకెల్లి కారుతున్నది.

వాడు ఫోనిచ్చిండు. సిగ్గుపడి కాదు,
పక్క బండి మీద మక్కకంకులు కాల్చే నర్సవ్వ
ఇసురుడు ఆపి చూస్తున్నది గనుక.
కుండ మాత్రం నా కాడ కొనలే.
ఆ పిల్ల పోవుకుంట ఒక్కపారి మల్లి చూసింది.
ఇంటికి పోయినంక ఏమయిందో
నాకెవలు జెప్తరు?

లష్కర్ జాతరప్పుడు ఒకామె
పచ్చికుండ మీద నిలబడి పలుకుతది.
మంత్రులు గూడ చేతులు కట్టుకొని ఇంటరు.
కాల్చని మట్టి, పగిలితే పడుడే.
ఏడాదికి ఒక్క పొద్దు.
తెల్లారి ఆమె రేషన్ల తప్పు వడ్డదంటే
ఆఫీసుల ఎవలన్న తలెత్తి చూస్తరో లేదో.

రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు
ఒక కుండ పక్కకు వెట్టిన.
ఉష దానికి సున్నం పూసింది, పసుపు పూసింది,
బొగ్గుతోని రెండు కండ్లు గీసింది,
మస్తు పెద్దయి, వంకర గూడ.
"ఎవరికే?" అన్న.
"పేరు మైకుల చెప్పలేదుగా" అన్నది.
సిటీబస్సులు ఖాళీగ పోతున్నయి.
కుండ రోడ్డు దిక్కే చూస్తున్నది,
వచ్చేటోళ్లను, పోయేటోళ్లను,
అందర్ని.