నూట ఇరవై కుర్చీలు

అక్టోబరు మూడో వారం, డులూత్.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి
నా గది కిటికీ పళ్లు కొరుకుతోంది.
హెల్మీ రౌటియో వచ్చి ఎదురుగా కూర్చుంది.
చేతిలో ఆనర్స్ కాలేజీ బ్రోషరు,
మడతల దగ్గర అప్పుడే చిరుగులు.

అరచేతిలో వైకుంఠం, ఆ బ్రోషరు.
పదిహేను మందికో ప్రొఫెసరు,
రాతిగోడల హాస్టలు, అందులో నిప్పుగూడు,
దాని ముందు ఎవరో నవ్వుతూ చదువుతున్నారు.
అలా నవ్వుతూ చదివే పిల్లల్ని
ఈ బడిలో ఇరవై రెండేళ్లుగా
నేనైతే చూడలేదు.

"నాకు తొంభై ఏడు శాతం ఉంది," అంది.
ఉంది తల్లీ. అక్కడికొచ్చే అందరికీ ఉంది.
ఆ మాట ఎలా చెప్పాలో
ఈ ఉద్యోగం నాకింకా నేర్పలేదు.

కాగితం మీద రాసి చూపించాను.
దరఖాస్తులు రెండు వేల నలభై.
కుర్చీలు నూట ఇరవై.
లెక్కల పిల్ల కదా, భాగించింది.
పెన్సిలు ఆగింది.
"పదిహేడు మందిలో ఒకరు."
"ఆ పదిహేడు మందీ
ఎవరి బళ్లో వాళ్లు మొదటివాళ్లే."

పెట్టొద్దనలేదు నేను.
పెట్టు, కానీ మిగతా నాలుగు దరఖాస్తులూ
ఎడమ చేత్తో రాయకు, అన్నాను.
తలూపింది. వెళ్తూ వెళ్తూ చెప్పింది,
హాస్టలు గదికి అమ్మతో వెళ్లి కర్టెన్లు చూసొచ్చిందట.
ఆలూ లేదు, చూలూ లేదు,
కర్టెన్లు మాత్రం ఆకుపచ్చవి.

మొదటి వ్యాసం నిండా బరువైన మాటలే.
నాయకత్వం, సంకల్పం, సమాజం.
ఎవరివో అరువు చెప్పులు వేసుకుని
మెట్లెక్కుతున్నట్టు ఉంది.
"శనివారాలు ఏం చేస్తావు?" అడిగాను.
మామయ్య చేపల పొగగదిలో పని.
హెర్రింగులు నానబెట్టే ఉప్పునీళ్లు తనే కలుపుతుందట.
పచ్చిగుడ్డు వేసి చూస్తాడు మామయ్య,
తేలితే ఉప్పు చాలినట్టు.
ఎందుకు తేలుతుందో, ఎంత ఉప్పుకి ఎంత తేలుతుందో
రెండు చలికాలాలు నోటుపుస్తకంలో రాసింది,
ఎవరూ అడక్కుండానే.

రెండో వ్యాసం మొదటి వాక్యం:
"మంచి గుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది."
చదివి కుర్చీలోంచి లేచాను.
లేచి, మళ్లీ కూర్చున్నాను.
నేను లేచినంత మాత్రాన
అక్కడ కుర్చీ ఖాళీ కాదు.

మార్చిలో ఉత్తరం.
మర్యాదగా, మెత్తగా, మూడు పేరాలు.
ఏడుస్తుందని రుమాళ్ల పెట్టె దగ్గరికి జరిపాను.
ఏడవలేదు.
"వ్యాసం బాలేదా?"
"బాగుంది."
"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర జవాబు లేదు.
ఎవరో పశ్చిమాన గొర్రెల ఊరి నుంచి వచ్చి ఉండొచ్చు,
ఎవరో సన్నాయి లాంటిదేదో వాయించి ఉండొచ్చు,
పద్దెనిమిది వందలో ఫైలు చదివేసరికి
ఆ చదివేవాడికి తలనొప్పి వచ్చి ఉండొచ్చు.
తెలీదు, అన్నాను.
ఇన్నేళ్లలో నేను పిల్లలతో చెప్పిన
పూర్తి నిజం అదొక్కటేనేమో.

అదే విశ్వవిద్యాలయం, మామూలు ద్వారం
దాన్ని జనవరిలోనే లోపలికి పిలిచింది.
ఆ ఉత్తరం ఇంకా విప్పలేదట.
ఇప్పుడు విప్పింది, నా కత్తెరతో.

కాసేపు కిటికీ చూసి అడిగింది:
"బ్రోషర్లో ద్రవాల గురించి చెప్పే ప్రొఫెసరు ఉందే,
ఆవిడ మామూలు వాళ్లకీ చెప్తుందా?"
జాబితా తిరగేశాను.
మంగళ, గురువారాలు. పొద్దున ఎనిమిదింటికి.
పెద్ద హాలు, మూడు వందల మంది.
"అయితే ఏడున్నరకి వెళ్తాను," అంది
బస్సు టైము చెప్పినంత మామూలుగా.

గుమ్మం దగ్గర ఆగింది.
"ఆ కర్టెన్లు కొనేశాం. వెనక్కి తీసుకోరట.
అన్ని హాస్టళ్ల కిటికీలూ ఒకే కొలతా?"

తెలీదు, కనుక్కుంటానని
ఫోను అందుకున్నాను.