తులం లోపు

ఓయార్స్ పిడికిట్లో పిట్ట.
చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య దాని మెడ,
మిగతా చెయ్యంతా దానికి గూడు.
"చెప్పు, ఏదిది?" అన్నాడు.

పాపె ఒడ్డున సెప్టెంబరు, పొద్దున్న ఐదున్నర.
పైన్ చెట్ల నడుమ వలలింకా తడారలేదు.
చలికి నా పెన్సిల్ సరిగా పలకడం లేదు.

ఆకుపచ్చందామంటే కాదు, గోధుమందామన్నా కాదు.
కంటిమీద వెలిసిపోయిన గీత ఒకటి.
ఇదే అచ్చున పోసినవి రెండు జాతులు ఈ అడవిలో.
మే నెలైతే ఇంత తంటా లేదు:
చుంచింష్ తన పేరే తాను
రెండు ముక్కలుగా కొట్టుకుంటూ కూర్చుంటుంది,
వీతీతిస్ పాట మెట్లు దిగి, దిగి,
ఆఖరి మెట్టు మరిచిపోతుంది.
ఇప్పుడు రెండిటికీ పాట అయిపోయింది,
పురుగులు తినడం, పోవడం, అంతే పని.

"లేతరంగు కాళ్ళు. వీతీతిస్."
"కాళ్ళను నమ్మకు. రెక్క చూడు."
గోటితో ఈకల్ని విసనకర్రలా విప్పి
అంచున నొక్కు పడ్డవి లెక్కపెట్టమన్నాడు.
మూడోది. నాలుగోది. అయిదోది.
ఆరోదానికి
ఎంత వెతికినా లేదు.
"ఉంటే చుంచింష్" అని,
రెక్క కొసను స్కేలు మీద ఆనించాడు.
చుంచింష్ మధ్యధరా దాకా పోయి
చాల్లే అని దిగిపోతుందట.
ఇది సహారా దాటాలి.
దారి ఎంతో రెక్కా అంత.

తూకం గొట్టంలో తలకిందులుగా పెడితే
తొమ్మిదీ పాయింట్ ఆరు గ్రాములు. తులం లేదు.
పుస్తకంలో పేరు రాశాను,
పక్కనే, అలవాటుగా, ఓ ప్రశ్నార్థకం.

రింగు బిగిసింది. పిట్ట అరిచింది.
ఓయార్స్ నా ముఖం కేసి చూశాడు.
సన్నటి కూతలు ఆయన చెవిని దాటిపోయి
మూడు వసంతాలైంది.
ఆ సంగతి స్టేషన్‌లో అందరికీ తెలుసు,
ఎవరం ఎత్తం.
"గొంతు కదిలింది నా వేళ్ళలో," అన్నాడు.
"ఒక పలుకా? రెండా?"

నేను పెదాలు సున్నా చుట్టి,
ఆయనకు అందేంత కిందికి దించి ఊదాను:
హు-యీత్.

తల ఊపాడు.
నా పెన్సిల్ వెనకవైపు తిప్పి
ప్రశ్నార్థకాన్ని తనే చెరిపాడు.

వేళ్ళు విప్పితే
క్షణం అక్కడే ఉంది, ఎగరడం మరిచినట్టు.
తర్వాత ఆల్డర్ పొదలో ఆకు కదిలింది,
పిట్టో గాలో తెలీలేదు.

మేకుకి వేలాడుతున్న గుడ్డసంచుల్లో
రెండోది గింజుకుంటోంది.
"అది నువ్వు పట్టు," అన్నాడు,
"మెడ నొక్కకు."