కొసరు

ఆ ఏడు మా సంత రాత్రిపూట జరిగేది.
పగలు విమానాలది.
చెట్ల కింద, దీపం లేకుండా,
కర్రపెండలం పిండిని వేళ్ళతో నలిపి బేరమాడేవాళ్ళు,
ఎండుచేపకి వాసన చూసి ధర కట్టేవాళ్ళు.
ఉప్పు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఉప్పు లేకపోతే కూడొక్కటే చప్పబడదు.
పక్కింటి ఒకోరియే మామ
కొడుకు చావుకబురు చెప్పడానికొచ్చి
పుచ్చగింజలు ఒలుస్తూ కూర్చున్నాడు చాలాసేపు.
"వాడు పోయాడట" అన్నాడు, లేచేటప్పుడు.
మేం ఏడుస్తుంటే అమ్మమ్మ అదాకు
"దాచుకోండే కాస్త,
ఒంట్లో మిగిలిన ఉప్పు అదే" అంది.

పామాయిల్ గెలల బూడిద నానబెట్టి
ఆ తేటనీళ్ళు కూరలో పోసేవాళ్ళం.
నాలుక నమ్మేది కాదు.

తమ్ముడు చిదూబెం పాదాలు ఉబ్బాయి.
జుట్టు మొక్కజొన్న పీచు రంగుకి తిరిగింది.
బడి మూసేశారు కనక
వాడికి అంకెలు నేనే నేర్పాను, బంకర్‌లో,
విమానం రొదకీ బాంబు పేలుడుకీ నడుమ.
వందదాకా నేర్పుదామనే మొదలెట్టేదాన్ని.
ఇరవైమూడు ఎప్పుడూ దాటలేదు.

ఒక న్క్వో సంత రోజున
అమ్మ ఉగోయె, పెళ్ళినాటి పూసలు నడుముకి చుట్టుకుని
ఇంకో ఆరుగురు ఆడవాళ్ళతో ఏరు దాటింది.
బయాఫ్రాలో ఆ పనికి దాడిసంత అని పేరు.
మగవాళ్ళు దాడికి తుపాకులతో వెళ్ళేవాళ్ళు,
వీళ్ళు ఖాళీ బుట్టలతో.

శత్రువు ఎలా ఉంటుందో చూద్దామని తలెత్తిందట అమ్మ.
చెంపల మీద మూడేసి గాట్లు.
ఒళ్ళో చంటిది, దాని చెవిలో దూది.
పూసల్ని అరచేతిలో తూచి
సిగరెట్ డబ్బాతో నాలుగు డబ్బాలు కొలిచిందట ఆమె,
ప్రతిసారీ అంచుమీద వేలితో గీసి,
నిక్కచ్చిగా.
అమ్మ మూట కట్టబోతుంటే
చెయ్యి పట్టుకుని ఆపింది.
ఇంకో గుప్పెడు తీసి పైన పోసింది.
మాట లేదు. వచ్చినా అర్థమయ్యేది కాదు.
నవ్వూ లేదు.

అడిగావా, అన్నాను.
యుద్ధంలో కొసరు ఎవరడుగుతారే, అంది అమ్మ.

తిరిగొచ్చేప్పుడు ఏరు గొంతుదాకా ఉంది.
గట్టు మీంచి ఎవరో కాల్చారు.
మావాళ్ళో, వాళ్ళో.
ఇంటికొచ్చేసరికి
నాలుగు డబ్బాలు ఒకటిన్నర అయ్యాయి,
ఏడుగురు ఐదుగురయ్యారు.
రెండు లెక్కలూ అమ్మ ఒకే గొంతుతో చెప్పింది.

తడిసిన మూటగుడ్డని కుండలోకి పిండి,
ఒక మూల చింపి
తమ్ముడి నోట్లో పెట్టింది.
వాడు చప్పరించి, చప్పరించి
కళ్ళు మూశాడు.
అమ్మమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.
నిద్రపోయాడు, అంతే.

యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పిన రెండో నెలలో
అమ్మ ఆ సంతకి మళ్ళీ వెళ్ళింది,
ఈసారి పట్టపగలు, పడవ మీద,
బుట్టలో రెండు పెండలాలు పెట్టుకుని.
పూసలు విడిపించుకోడానికి అనుకున్నాం.
ఆ చోట ఎవరో సబ్బులు అమ్ముతున్నారట.
పేరు తెలియని మనిషిని
ఏమని చెప్పి వెతుకుతారు?
చెవిలో దూది పెట్టిన పిల్ల తల్లి, అనా?
పెండలాలు అక్కడే ఒక అరుగు మీద వదిలేసి
సబ్బుబిళ్ళ కొనుక్కుని వచ్చింది.
చాలాకాలం వాడలేదు దాన్ని.

ఇప్పుడు నాకు అరవై దాటాయి.
ఎనుగులో ఉప్పు ప్యాకెట్లలో వస్తుంది,
అంటించిన ప్యాకెట్‌కి కొసరు ఉండదు.
తమ్ముడికి రక్తపోటు.
ఉప్పు తగ్గించమని డాక్టర్ గట్టిగా చెప్పాడు.
బుద్ధిగా తలూపి వచ్చి
మా వంటింట్లో డబ్బా మూత తీసి
చిటికెడు నాలుక మీద వేసుకుని
కళ్ళు మూసుకుంటాడు, ముసలి దొంగ.

నేను గిన్నెలు కడుగుతున్నట్టు అటు తిరిగి
లోపల్లోపల లెక్కపెడతాను.
ఇరవైమూడు.
ఇరవైనాలుగు.
ఇరవైఐదు.