శుక్రవారం పండగలు

మా ఇంట్లో పండగలన్నీ శుక్రవారమే వస్తాయి.
పంచాంగం ఏం చెప్పినా సరే,
రూవీలో మా మూడో అంతస్తు ఎక్కేసరికి
తిథులకి ఆయాసం వస్తుంది.
వారం చివరిదాకా మెట్ల మీద కూచుని
అలుపు తీర్చుకుంటాయి.

ఈసారి ఉగాది మంగళవారం.
మామిడికాయ మూడు రోజులు ఫ్రిజ్‌లో
పెరుగు డబ్బా వెనక దాక్కుంది.
వేపపువ్వుకి మాత్రం కొదవ లేదు.
పార్కింగులో చెట్టు కింద ఆగిన
ఎవరిదో తెల్ల కారు అద్దం మీద, వైపర్ల సందుల్లో
గుప్పెడు ఏరుకొచ్చాడు ఓబులేసు
దొంగలా అటూ ఇటూ చూసుకుంటూ.
చారుమతి నాలుక చివర పెట్టుకుని
"ఇది పండగా, మందా?" అంది.
రెండూ, అన్నాను.

చవితికి మా వినాయకుడు ఆకుపచ్చ.
బొమ్మలు చేసే ముద్దల్లో ఆ రంగే మిగిలింది మరి.
ఎండి తొండం విరిగితే
పిల్ల ప్లాస్టర్ వేసింది,
నేను క్లినిక్‌లో సూది వేశాక అంటించే లాంటిదే, చుక్కలది.
బకెట్టు పట్టుకుని కిందికి దిగుతుంటే
వాచ్‌మన్ షంషుల్ అడిగాడు, సారు ఎక్కడికని.
"ఈత నేర్చుకోడానికి" అంది చారుమతి.

రంజాన్ నెల నడిమిన ఓ రాత్రి
బిల్డింగు పిల్లలంతా రాళ్ళూ గవ్వలూ టకటకలాడిస్తూ
గడప గడపకీ తిరిగారు.
కరంకషో అనడానికి నోరు తిరగక
కరకరషో, కరకరషో అని అరుచుకుంటూ
మాదీ వెళ్ళింది వెనకాలే.
పై ఇంటి ఉమ్ సాలిం
సంచి నిండా వేరుశెనక్కాయలు పోసింది.
తిరిగొచ్చి, ఒళ్ళో కుమ్మరించి,
అనుమానంగా నన్ను చూసింది:
"ఇవాళ ఆదివారం కదమ్మా,
పండగ ఎట్లా వచ్చింది?"

నవంబరులో ఒక శుక్రవారం.
ఆర్నెల్ల తర్వాత ఏసీ ఆపాం.
కిటికీ రెక్క మొరాయించి మొరాయించి తెరుచుకుంది.
ఇల్లు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే
ఎదురు కొండ మీద మేక గొంతు వినిపించింది.
చారుమతి లేచి, తనే పట్టుపావడా లాక్కుని
తిరగేసి తొడుక్కుని వచ్చింది.
"ఇవాళ ఏం పండగ?"
ఏదీ లేదమ్మా.
"ఉంది."
లేదురా తల్లీ, క్యాలెండర్ చూడు, ఖాళీ.
"ఉంది. నాన్న బూట్లు ఇంట్లోనే ఉన్నాయి."

నేను దోసెల పిండి కలుపుతున్నాను.
గరిటె అలాగే ఆగింది.

కాసేపటికి తలుపు దగ్గర చప్పుడు లేదు.
చప్పుడు లేదంటేనే భయం కదా నాలుగేళ్ళ పిల్లతో.
వెళ్ళి చూస్తే
ఇనుప ముక్కుల ఆ బండ బూట్లు రెండింటికీ
నా కుంకుమ భరిణె బోర్లించి
బొట్లు పెడుతోంది.
"అయ్యో, చెప్పులకి పెడతారటే!" అని
చెయ్యి పట్టుకోబోయాను.
నిద్రకళ్ళతో ఓబులేసు వచ్చి నిలబడ్డాడు.
"దసరాకి స్పానర్లకి పెట్టలా?
ఇవీ పనిముట్లేగా" అన్నాడు.
పక్కనే కూచుని
లేసులు సర్ది పట్టుకున్నాడు, పూజారికి సాయంగా.

ఆ పూట దోసెలే ప్రసాదం.
మూడోది మాడింది.
మాడిందే కావాలంది, కరకరషో అంటూ.

శనివారం నాలుగున్నరకి కింద కంపెనీ బస్సు హారన్.
చీకట్లో బూట్లు తొడుక్కుంటూ
బొటనవేలితో తుడవబోయి
ఊరుకున్నాడు.

రాత్రి వచ్చాక చూశాను.
ఎడమ బూటు మీద సిమెంటు దుమ్ము కింద
కొంచెం ఎరుపు మిగిలే ఉంది.
కుడిదాని మీది రాలిపోయింది.
సోహార్ రోడ్డు మీద
ఎక్కడో పడి ఉంటుంది.