మోకాటి లోతు

తొమ్మిదో తరగతికి చరిత్ర చెబుతున్నాను.
కర్నూల్లో మార్చికే మే నెల వచ్చి కూర్చుంది,
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు.
ఉత్తరాన, మంచు సముద్రాల పక్కన
రాజు నీళ్లలో దిగేవాడు,
రాజు వెనక సైన్యం, సైన్యం వెనక ఊళ్లు.
తెల్ల బట్టలిస్తారని కొందరు రెండుసార్లు మునిగారట.
పిల్లలు నవ్వారు.

ఒక రాజు మాత్రం
ఒక కాలు తొట్టిలో పెట్టి ఆగాడు.
"మా తాతలు ఎక్కడున్నారు?"
"నరకంలో," అన్నాడు గురువు.
రాజు కాలు బయటికి తీసుకున్నాడు.
బండ మీద తడి పాదం ఆరిపోయేంత సేపు
ఎవరూ ఏమీ అనలేదు.

పాఠంలో ఇంత లేదు, ఆ తడి నేను కలిపాను.
ఆ పాదం నాకు తెలుసు కనక.

మా జేజినాయన మద్దిలేటి
బేతంచెర్ల బండలు చీల్చడం నేర్చినోడు.
కరువేడు, గంజి తొట్ల కాడ పాట పట్టుబడి
హంద్రీలో దిగాడు.
ఇసుక తవ్వి నిలబెట్టిన మోకాటి లోతు నీళ్లు.
మునగాలంటే పడుకోవాల.
"అయ్యా, మా నాయన గిడ్డయ్య యాడుండాడు?
ఆయప్ప ఈ నీళ్లు జూడకనే పాయె గదా."
ఉపదేశి పుస్తకం మూసి, మళ్లీ తెరిచాడు.
గొడుగు కింద దొరసాని ఏదో అంది,
ఎవరికీ అర్థం కాలేదు.

జేజినాయన కాలు వెనక్కి తీయలేదు.
వెనక్కి పోతే రాజుకు రాజ్యముంది.
ఈయనకున్నది
చెప్పులు చేతబట్టుకుని దాటాల్సిన వీధి.
పడుకున్నాడు. లేచాడు. మత్తయి అన్నారు.
ముక్కులో ఇసుక పోయి
మూడు దినాలు తుమ్మినాడని జేజి చెప్పేది.

మరుసటేడు సమాధుల దొడ్డికి గోడ కట్టమన్నారు.
దొర తాడు పట్టి గీసిన సున్నం గీతకు
మూరెడు అవతల గిడ్డయ్య గుంత.
రాత్రిపూట బండలు పాతినట్టుంది.
తెల్లారేసరికి తూర్పు మూలన గోడ
చూలాలి కడుపులా ముందుకొచ్చింది.
దొర అడిగితే
"రాయి అట్లే చీలె దొరా" అన్నాడంట.

బెల్లు కొట్టారు.
వెనక బెంచీలో తిరుపాలమ్మ లేచి
"ఆ రాజు ఇప్పుడు ఎక్కడున్నాడు సార్?" అంది.
రేపు చెబుతానన్నాను.
ఆదివారం దొడ్డి కాడికి పోవాల,
గోడకు సున్నం కొట్టే వంతు
ఈ ఏడు నాది.
ఆ వంపు దగ్గర ఎప్పుడూ
ఒక బొచ్చె సున్నం ఎక్కువ పడుతుంది.